ప్రెస్ బాక్సులో అరవకూడదు

మొన్న లంచ్ దగ్గర మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు "అన్నా, నీ లింక్డిన్‌లో స్పోర్ట్స్ మీడియా ఇంటర్న్ అని ఉంది, నిజమేనా?" అని అడిగాడు. నిజమే. 2019 జూలైలో ప్రొ కబడ్డీ ఏడో సీజను గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో మొదలైంది. అప్పుడు నేను ఇంజనీరింగు నాలుగో సంవత్సరంలోకి అడుగు పెడుతున్నాను. మెడలో మీడియా పాసు, ఒళ్ళో స్నేహితుడి లాప్‌టాపు. ఓ చిన్న స్పోర్ట్స్ వెబ్‌సైటు వాళ్ళు తీసుకున్నారు. జీతం లేదు, చివర్లో సర్టిఫికెట్ ఇస్తామన్నారు. "కబడ్డీ చూడ్డానిక్కూడా డబ్బులిస్తార్రా?" అని నాన్న ఆశ్చర్యపోయారు. ఇవ్వరు నాన్నా అని చెప్పాక ఇంకా ఆశ్చర్యపోయారు :)

పని వినడానికి తేలిక. ప్రతి రెయిడుకీ ఒక లైను రాయాలి. మా ఊళ్ళో కూతకెళ్ళడం అంటాం కదా, అదే. రెయిడు 30 సెకన్లు. అది ముగిసీ ముగియకముందే అవతలి వాడు కూతకొచ్చేస్తాడు. ఎవరు వెళ్ళారు, బోనస్ గీత దాటాడా, ఎవర్ని అవుట్ చేశాడు, పట్టుకున్నది ఎవరు... ఏడుగురు ఒకడి మీద పడ్డాక జెర్సీ నంబర్లు ఏం కనిపిస్తాయండీ? ముగ్గురో అంతకన్నా తక్కువో మిగిలినప్పుడు పట్టేస్తే సూపర్ టాకిల్, రెండు పాయింట్లు. నేను ఒకటి వేసి, స్కోరు తేడా వచ్చి, వెనక్కెళ్ళి వెతుక్కునేవాణ్ణి. ఇవాళ ప్రొడక్షన్‌లో లాగ్స్ చూస్తున్నా నాకా గాభరాయే గుర్తొస్తుంది.

ఇంకో కష్టం అరవకూడదనేది. మీడియా సీట్లలో చప్పట్లు కూడా కొట్టకూడదని మొదటిరోజే ఓ సీనియర్ విలేకరి మెత్తగా చెప్పారు. తెలుగు టైటన్స్ మొదటి మ్యాచి యు ముంబా చేతిలో 31-25తో ఓడింది. మర్నాడు తమిళ్ తలైవాస్‌తో. ఆరు సీజన్లు మనవాడైన రాహుల్ చౌదరి ఆ వైపున్నాడు. ఎవరికోసం అరవాలో తెలియని పరిస్థితిలో అరవకూడదన్న రూలే నన్ను కాపాడింది. దిల్లీతో ఒక్క పాయింటు తేడాతో పోయింది. సొంతగడ్డ మీద ఆ సీజన్లో టైటన్స్ ఒక్కటీ గెలవలేదు.

కుర్రాడికి ఇక్కడిదాకా చెప్పాను. తరవాతది చెప్పలేదు.

మ్యాచయ్యాక ప్రెస్ మీట్ ఉంటుంది. కోచ్, ఒక ఆటగాడు వచ్చి కూర్చుంటారు, మాటలు ఎక్కువగా హిందీలోనే. ఓ రాత్రి ఓడిన జట్టు రెయిడర్ (ఏ జట్టో, ఎవరో చెప్పను) "ఈరోజు డిఫెన్సుతో మాకు పొత్తు కుదరలేదు, తప్పు నాది కూడా" అన్నాడు. నేను ఫోన్లో రికార్డు చేశాను. పది దాటింది, హాస్టల్ గేటు మూసేస్తారు, మా డెస్కు నుంచి ఫోన్ మీద ఫోన్. గబగబా ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు రెండో ముక్క వదిలేశాను. కావాలని కాదు. కానీ మొదటి ముక్క ఒక్కటే బాగుందనిపించింది, అదీ నిజమే. డెస్కులో దాన్ని ఇంకాస్త సానబెట్టి "మా డిఫెన్సే మమ్మల్ని ముంచింది" అనే అర్థం వచ్చేలా హెడ్డింగు పెట్టారు.

రెండ్రోజుల తరవాత స్టేడియం వరండాలో అతనే ఎదురై నన్ను గుర్తుపట్టాడు. అరుస్తాడేమో అనుకున్నాను. "భాయ్, నేను మావాళ్ళని తిట్టానా? లెఫ్ట్ కార్నరూ నేనూ ఒకే గదిలో ఉంటాం" అన్నాడంతే. మోకాలికి ఐస్ గుడ్డ కట్టుకుని ఉన్నాడు. వయసులో నాకంటే ఏడాదో రెండేళ్ళో పెద్ద. సారీ చెప్పాను, మార్పిస్తానన్నాను.

డెస్కుకి ఫోన్ చేస్తే "దానికే కదా హిట్లు వస్తున్నాయి, వదిలెయ్" అన్నారు. ఇక్కడ వాళ్ళని విలన్లని చేసి నేను తప్పించుకోవచ్చు. కానీ ఆ సైటు లాగిన్ నా దగ్గరా ఉంది. ఎడిట్ నొక్కి, ఒక వాక్యం కలిపి, సేవ్ చేస్తే అరనిమిషం పని. సరిగ్గా ఒక రెయిడంత. చెయ్యలేదు. సర్టిఫికెట్ ఇంకా చేతికి రాలేదు, క్యాంపస్ ఇంటర్వ్యూలు దగ్గర్లో ఉన్నాయి, రెజ్యూమేలో అందరికీ ఉండే మినీ ప్రాజెక్టు తప్ప నాకు వేరే ఏమీ లేదు.

సర్టిఫికెట్ వచ్చింది. ఇంటర్వ్యూలో ప్యానెల్ ఆయన జావా సంగతి రెండు ప్రశ్నలతో సరిపెట్టి, పావుగంట కబడ్డీ గురించే అడిగారు. ఉద్యోగమూ వచ్చింది. పాత్రికేయుణ్ణి అవుదామన్న ఆలోచన అప్పటికే పోయింది. ఎందుకని ఎవరైనా అడిగితే జీతాలు తక్కువని చెబుతుంటాను.

ఇప్పుడా వెబ్‌సైటు లేదు, ఎప్పుడో మూతపడింది. రికార్డింగు మాత్రం ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కి నాతోపాటే వస్తోంది. మొన్న లంచ్ తరవాత చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని మళ్ళీ విన్నాను. "గల్తీ మేరీ భీ థీ" అన్నది ఎంత స్పష్టంగా ఉందో. ఆ రాత్రి లింక్డిన్ తెరిచి ఆ లైను తీసేద్దామనుకున్నాను. కాసేపు చూసి, అలాగే ఉంచేసి మూసేశాను.