పెద్దమ్మ పాటకు ఏ మైకు?

మా హాస్టల్లో చదివినవాళ్లెవరూ వంట పెద్దమ్మ పాటను మరిచిపోలేరు. చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతూ ఆమె నాట్ల పాటలు పాడుతుంటే, మేము వింటూనే లెక్కలు చేసుకునేవాళ్లం. ఆమెకు తోడుగా పాడిన చిన్నమ్మ కాలం చేశాక, ఆ తల్లికి వచ్చిన పాటలు ఒక్కటీ మిగల్లేదు. పెద్దమ్మ పాటలైనా దక్కించుకోవాలని, ఆమె రిటైరయ్యాక మేము ముగ్గురం హైదరాబాద్‌లోని మా అద్దె గదికి పిలుచుకొచ్చాం.

తలా రెండు వేలు వేసుకుని కండెన్సర్ మైకు కొన్నాం. ఖరీదైనదే మంచిదనుకున్నాం. దానికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి. ఆ కరెంటు అందించే ఇంటర్‌ఫేస్‌ను ఒక మిత్రుడు అరువిచ్చాడు. తీరా రికార్డు చేసి వింటే పెద్దమ్మ గొంతుతో పాటు ఫ్యాను, పక్కింటి కుక్కర్ కూత, వీధిలో ఆటో, గోడలకు తగిలి తిరిగొచ్చిన ప్రతిధ్వని, అన్నీ ఉన్నాయి. తప్పు మైకుది కాదు. చిన్న చప్పుడునూ పట్టుకోవడమే దాని గుణం. అది నిశ్శబ్దంగా ఉండే గదికి తగినది, మా రేకుల గదికి కాదు.

షాపాయనను బతిమాలి, దాన్నిచ్చి డైనమిక్ మైకు తెచ్చుకున్నాం. స్టేజీ మీద చేత పట్టుకుని పాడే రకం. 1966లో వచ్చిన ష్యూర్ ఎస్ఎం 58 కూడా ఈ జాతిదే. దీనికి బెత్తెడు దూరంలో పాడాలి. దగ్గరి గొంతును బాగా పట్టుకుంటుంది, వెనక నుంచి వచ్చే శబ్దాన్ని అంతగా పట్టించుకోదు. అందుకే మైకు వీపును కిటికీ వైపు తిప్పాం. ఫ్యాను ఆపాం. పెద్దమ్మ వెనక గోడకు హాస్టల్ నాటి జంపఖానాలు, దుప్పట్లు వేలాడదీశాం.

అంతా సిద్ధమయ్యాక పెద్దమ్మకు పాట రాలేదు. "చేతిలో పని లేకుంటే నోట్లో పాటెట్లొస్తది నాయనా?" అంది. పక్కింట్లో చేట అడిగి తెచ్చి, కిలో బియ్యం పోసి ఇచ్చాం. స్టాండు దించి మైకును ఆమె నోటి దగ్గరికి పెట్టాం. ఆ సాయంత్రం పదకొండు పాటలు దొరికాయి. వాటి వెనక బియ్యం చప్పుడు సన్నగా వినిపిస్తుంది. దాన్ని తీసేయబుద్ధి కాలేదు.

తమ్ముళ్లారా, మైకు కొనేముందు మీ గదిలో రెండు నిమిషాలు కళ్లు మూసుకుని వినండి. ఏ మైకు కొనాలో ఆ గదే చెబుతుంది. మీ ఊళ్లో పాడే అవ్వ ఉంటే మాత్రం మైకు కోసం ఆగకండి. చేతిలో ఉన్న ఫోనులోనే రికార్డు చేయండి.