మారేడుమిల్లి దారిలో నిండని ట్యాంకు

రాజమండ్రి నుండి చింతూరు వెళ్లే దారి రంపచోడవరం వరకు పొలాలు, జీడిమామిడి తోటలు చూపిస్తూ నెమ్మదిగా సాగుతుంది. మారేడుమిల్లి దాటితే వేరే లోకమే. ఇరుపక్కల వెదురు పొదలు, మలుపు మీద మలుపు, మిట్టమధ్యాహ్నమే పొద్దుగూకినట్లుండే నీడ. మారేడుమిల్లిలో వెదురు బొంగులో కూరి కాల్చిన కోడికూర కోసం ఎక్కడెక్కడి నుండో వస్తారు. రుచే గాని, రోగిని వెంటబెట్టుకొన్న వారికి ఆగే తీరిక ఎక్కడిది?

మా పెద్దమ్మకు రాజమండ్రిలో ఆపరేషను అయి ఇరవై రోజులు గడిచాయి. ఆమెను వ్యాను వెనుక సీటులో పడుకోబెట్టి చింతూరులోని ఇంటికి తీసుకొని వెళ్తున్నాము. ఆ ఇరవై రోజులూ వ్యాను ఆసుపత్రి వెనుక చెట్టు క్రిందనే ఉంది.

రంపచోడవరం బంకులో డీజిలు పోయించబోగా గన్ను పెట్టిన క్షణానికే టక్కున ఆగిపోయింది. మళ్లీ నొక్కితే మళ్లీ ఆగింది. నురుగు పైకి పొంగి చక్రం మీద కారింది. “ట్యాంకు ఫుల్లండీ” అన్నాడు కుర్రవాడు. ముల్లు చూస్తే ఎర్రగీత దగ్గరే ఉంది! గన్నును కొంచెం బయటికి లాగి, ప్రక్కకు త్రిప్పి, సన్నధారగా పోయిస్తే పావుగంటకు ఐదు లీటర్లు పట్టింది. వెనుక లారీలవారు హారన్లు మోగిస్తున్నారు. అడవిలో బండి ఆగితే పెద్దమ్మను ఎక్కడ దించగలము?

ప్రక్కనే షెడ్డులో ఉన్న ముసలి మేస్త్రిగారు వచ్చి చూశారు. “గన్ను తప్పు కాదమ్మా, ట్యాంకుకు ఊపిరాడటం లేదు” అన్నారు.

ఇది బండి ఉన్న ప్రతి కుటుంబానికీ తెలియవలసిన సంగతి. ట్యాంకులోనికి నూనె దిగాలంటే లోపలి గాలి బయటికి రావాలి. అందుకే నూనె పోసే లావు గొట్టం ప్రక్కన సన్నని గాలి గొట్టం ఒకటి ఉంటుంది. అది మూసుకొంటే గాలి లావు గొట్టం గుండానే ఎదురు తన్నుతుంది, నూనెను పైకి నెట్టుతుంది. గన్ను మూతి దగ్గర చిన్న రంధ్రం ఉంటుంది. నూనె ఆ రంధ్రాన్ని కప్పగానే గన్ను దానంతట అదే ఆగిపోతుంది. డీజిలుకు నురుగెక్కువ గనుక ఇంకా త్వరగా ఆగుతుంది. గొట్టం మడతపడినా, బురద పట్టినా ఇదే వరుస. కొత్త పెట్రోలు కార్లలోనైతే ఆవిరిని పట్టే బొగ్గు డబ్బా ఒకటి ఉంటుంది. గన్ను ఆగాక కూడా నిండుగా పోయమని పట్టుబట్టేవారు ఆ డబ్బాను తామే పాడు చేసుకొంటారు.

మేస్త్రిగారు బండిని బంకు నుండి దూరంగా షెడ్డుకు నెట్టించారు. ఇంజను చల్లారనిచ్చి, బీడీ కాలుస్తున్న వారిని దూరం పొమ్మన్నారు. గాలి గొట్టాన్ని రెండు వైపులా ఊడదీసి సైకిలు పంపుతో ఊదారు. ఎండిన మట్టి గడ్డ ఒకటి ఊడిపడింది. కందిరీగ గూడు! నిలబడిన బండి గొట్టాలంటే వాటికి మహా ఇష్టమట. గొట్టాన్ని ట్యాంకుకు తగిలించి ఉంచి ఊదకూడదని, ఆ మట్టి లోపలికే పోతుందని మాకు మరీ మరీ చెప్పారు. కూలి ఇవ్వబోతే టీ డబ్బులు చాలన్నారు.

తిరిగి బంకుకు వెళ్తే ముప్పై లీటర్లు గటగట దిగాయి. చీకటి పడకముందే ఘాటు దిగి చింతూరు చేరాము. శబరి నది కనబడగానే పెద్దమ్మ లేచి కూర్చుని, కిటికీ అద్దం దించమంది.