కమాను కట్టకు అందని లెక్క

మా ఉయ్యూరులో వీరమ్మతల్లి తిరునాళ్లు మాఘమాసంలో భీష్మ ఏకాదశికి మొదలై పదిహేను రోజులు సాగుతాయి. ఆ జనంలో ఒక్కసారి టిఫిన్లు అమ్మినవాడికి మిగతా ఏడాదంతా అదే ధ్యాస. మా తమ్ముడూ మరదలూ అలాగే పట్టుబట్టారు. మినుములూ కూరగాయలూ తోలే పికప్ నా దగ్గర ఉంది. దాని తొట్టిలో ఎక్కించి దించుకునేలా ఒక క్యాబిన్ చేయిస్తే తిరునాళ్లకు ఉయ్యూరు, మాఘ పౌర్ణమికి హంసలదీవి, ఆదివారాలు మంగినపూడి బీచి. మిగతా రోజుల్లో కిరాయిలు ఎటూ ఉంటాయి.

విజయవాడ ఆటోనగర్‌లో మేస్త్రీ వెనక కమాను కట్టలు చూసి, "బాబాయ్‌గారూ, చెరో రెండు పట్టీలు ఎక్కిద్దాం, పద్నాలుగు వేలు. ఇంక ఏనుగునెక్కించినా బండి కుంగదు" అన్నాడు.

పద్నాలుగు వేలే కదా అనిపించిన చోటే నేను కాగితం తీస్తాను. ఆర్సీలో ఉన్న మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మాకు మిగిలేది 1,200 కిలోలు. ఇనప క్యాబిన్ 750, నీళ్లు 200, హోటల్ సిలిండర్లు రెండూ బండతో కలిపి 70, పెనం, పొయ్యిలు, గ్రైండరు 150, మనుషులూ సరుకులూ 200. వెరసి 1,370.

పట్టీలు వేసినా ఆ 1,370 అలాగే ఉంటుంది, బండి కుంగడం మాత్రం కనబడదు. ఇరుసు, బేరింగులు, టైర్లు పాతవే. టైరు పక్కన 104 అని లోడ్ ఇండెక్స్ ఉంటే అది మోసేది 900 కిలోలు, పైన ఎన్ని పట్టీలున్నా అంతే. దీనికి తోడు బ్రేకుల తిరకాసు. మా బండికి వెనక ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య సన్నని కడ్డీతో ఒక వాల్వు ఉంది. బండి కుంగితే బరువుందని గ్రహించి వెనక చక్రాలకు బ్రేకు ఒత్తిడి పెంచుతుంది. పట్టీలు బిగుసుకుని బండి కుంగకపోతే, పాపం, అది ఖాళీ బండే అనుకుంటుంది.

డల్లాస్‌లో ఉండే మా మేనల్లుడిని అడిగాను. అక్కడ పికప్ తొట్టిలో పడకగది, వంటగది ఉన్న క్యాంపర్లు ఎక్కించుకుని తిరుగుతారట. స్ప్రింగుల దగ్గర గాలి సంచులు బిగించుకుంటారు గానీ తలుపు దగ్గర అంటించిన బరువు పరిమితి వాటితో పెరగదన్నాడు.

జరిమానా కూడా లెక్కలోదే. 2019 సెప్టెంబరు 1 నుంచి అధిక లోడుకు 20,000, ఆపైన ప్రతి అదనపు టన్నుకూ 2,000. కంపెనీ లెక్కకు విరుద్ధంగా బండి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను. రేపు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు మొదట వెతికేదీ అలాంటి మార్పులనే. అందుకే క్యాబిన్ సంగతి రవాణా కార్యాలయానికీ వాళ్లకీ ముందే కాగితం మీద పెట్టి, అనుమతి వచ్చాకే పని మొదలుపెట్టించాను.

ఖర్చులేని దారులు ముందు చూశాం. నీళ్లు వెళ్లిన ఊళ్లోనే పట్టుకుంటే 200 తగ్గింది. పిండి ఇంట్లోనే రుబ్బుకుంటే గ్రైండరు 40 పోయింది. ఆ రెండింటితోనే 1,130కి దిగాం. తర్వాతే డబ్బు తీశాను. క్యాబిన్ పైసగం అల్యూమినియంతో చేయిస్తే ఇంకో 120 కిలోలు తగ్గాయి, 22,000 ఎక్కువైంది. నూటికి రూపాయి వడ్డీ చొప్పున నెలకు 220. డీజిల్లో అది తిరిగి రాదు. కానీ కరకట్ట మలుపుల్లో నెత్తిన బరువున్న బండి ఎలా ఊగుతుందో తోలినవాడికి తెలుసు.

కమాను కట్టల్లో వాలిపోయిన పట్టీలు తీసేసి, కంపెనీ లెక్క ప్రకారమే కొత్తవి, బుష్‌లు, యూ బోల్టులతో సహా వేయించాను. పద్దెనిమిది వేలు. ఎక్కువ ఇచ్చి తక్కువ పట్టీలు వేయించుకుంటున్నానని మేస్త్రీ నవ్వాడు.

తర్వాత కాటా. మొత్తం బండి తూచాక, వెనక చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి మళ్లీ తూయించాను. వెనక ఇరుసు మీద భారం ఎక్కువే అనిపించింది. సిలిండర్లనూ పెనాన్నీ డ్రైవరు వైపు జరిపితే తగ్గింది. దానికి వెల్డింగు కూలీ మాత్రమే అయింది.

ఇప్పుడు గల్లాలోంచి రోజుకు రెండు వందలు టైర్ల పేరున పోస్టాఫీసు ఖాతాకు పక్కన పెడుతున్నాం. మరదలు అది వంద చాలంటోంది. ఆ పంచాయితీ ఇంకా తెగలేదు.