కొత్తపట్నము ఒడ్డున పడవల సింగారము

మా దర్శి ప్రాంతము మెట్టసీమ. మిరపతోటలు, ప్రత్తిచేలు చూచి పెరిగిన మాకు, సాగరు కుడికాలువ వచ్చిన పిదప నీరు కనబడుచున్నను, పడవ యనునది పుస్తకములోని బొమ్మయే. అందుచే ఈ వేసవి సెలవులలో పిల్లలను వెంటబెట్టుకొని పొదిలి, చీమకుర్తి, ఒంగోలు మీదుగా కొత్తపట్నమునకు పోయితిమి.

అది మే నెల. తూర్పుతీరమున ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు 61 దినములు యంత్రపు పడవలతో వేటాడరాదని నిషేధము. చేపలు గ్రుడ్లు పెట్టి వృద్ధిబొందుటకై ప్రభుత్వమువారు చేసిన యేర్పాటిది. పడవలను చూడగోరువారికి ఇంతకంటె మంచి తరుణము లేదు. అవి యన్నియు ఇసుకమీదనే యుండును. మరమ్మతులు, మార్పులు, రంగులు అన్నియు అప్పుడే జరుగును.

పూర్వమీ తీరమున మొద్దులను చెక్కి త్రాళ్లతో బిగించిన తెప్పలుండెడివి. మీదికి వచ్చిన అల మొద్దుల సందులగుండ జారిపోవునే గాని తెప్ప మునుగదు. మసూలా పడవలకైతే పలకలను మేకులతో గాక కొబ్బరిత్రాటితో కుట్టుచుండిరి. అల మోదినపుడు కుట్టుపడవ కొంత లొంగును. మేకుల పడవ పగులును. భోజరాజు పేర నున్న యుక్తికల్పతరువునందును సముద్రనౌకలకు ఇనుము కూడదనియు, సూదంటురాళ్లు దానిని లాగుననియు చెప్పబడినది. సూదంటురాళ్ల మాట యెట్లున్నను, కుట్టు గుణము మాత్రము ఈ తీరమువారికి అనుభవసిద్ధము.

ఇప్పుడు ఫైబరు పడవలు వచ్చినవి. అమెరికా వంటి దేశములందు సరస్సులలో చేపలు పట్టువారు చిన్న అల్యూమినియపు పడవలను కొని, తమకు వలసిన పీటలు, నేలపలకలు అమర్చుకొందురట. తేలికయే గాని, ఉప్పునీట దానికి రాగి తగిలినచో లోహము తినివేయబడును. రాగిమందు పట్టించిన చెక్కను సైతము తెలిసినవారు దానికి తగులనీయరు. సత్తుగిన్నెలో చింతపండు పులుసు నిలువయుంచని సోదరీమణులకు లోహముల ఈ చాపల్యము క్రొత్తది కాదు. ఫైబరున కా బెడద లేదు.

అయితే అచ్చులోనుండి వచ్చిన పడవలన్నియు ఒక్కతీరుగా నుండును. సముద్రము ఒక్కతీరుగా నుండదు. ఇండ్లును ఒక్కతీరుగా నుండవు. 2004 డిశంబరు 26 నాటి సునామీ పిమ్మట పలుతీరములందు త్వరత్వరగా పంచిన పడవలలో అక్కడి అలలకు తగనివియు కొన్ని యుండెను. కాబట్టి కొన్న పడవను ఒడ్డున పెట్టుకొని మార్చుకొనుట విలాసము గాదు, అవసరము. మా పొలములలో నీరు తోడు ఇంజను వంటిదే యిక్కడ పొడవైన కమ్మితో పడవను నడపును. ఒడ్డు చేరునపుడు చక్రము ఇసుకకు తగులకుండ ఆ కమ్మిని పైకెత్తవలెను. ఇట్టి యెత్తుడు ఏర్పాటును 1979లో మద్రాసు కేంద్రముగా ఆరంభమైన బంగాళాఖాత కార్యక్రమమువారు 1980ల నాటి తమ పడవలపై పరీక్షించిరి. వల తెగకుండ అంచులవెంట చీల్చిన గొట్టములు తొడుగుట, కూర్చుండు పీటను జరుపుట మొదలగునవి యెవరికి వారు చేసికొనునవి.

ఒక పడవకడ ఐసుపెట్టె విషయమై వాదము జరుగుచుండెను. భర్త దానిని వలదనెను.

"బరువెక్కితే పడవ అలమీద లేవదు. ఒడ్డుకి లాగేటప్పుడు నడుములు పోతాయి," అనెను.

"ఐసు లేకపోతే ఒంగోలు పోయేసరికి చేప మెత్తబడిపోద్ది మావా! వాళ్లడిగిన ధరకి ఇచ్చేసి రావాల. బాకీ నా సంగం పేర గదా తెచ్చింది, వారంవారం కట్టేది నేను గదా!" అని యామె.

ఇరువురి మాటయు నిజమే. మన ఉష్ణదేశమున చేప యెంతయో ఐసు రమారమి అంత కావలెను. అనగా నూఱు కిలోల చేపకు ఇన్నూఱు కిలోల బరువు. అలల నడుమ ఆ బరువు ఎత్తున నుండెనేని పడవ ఒరిగి ప్రాణములకే మోసము వచ్చును. సత్తుతట్ట నెత్తిన పెట్టుకొని వీధులు తిరుగు స్త్రీకి మాత్రము ఆ రోజు కూలి ఆ పెట్టెలోనే యున్నది.

ఫైబరు పనివాడు బుద్ధిమంతుడు. పెట్టె పొడవును తగ్గించి, పడవ నడుమ అడుగునకు చేర్చి, రెండు పొరల మధ్య థర్మోకోలు నింపెదననెను. ఆమె యొక కోరిక కోరెను: కరగిన నీరు పోవుటకు అడుగున బిరడాగల కన్నముండవలెను, ఆ నీట నిలిచిన చేప త్వరగా చెడునని. ఆ మాట పురుషులెవ్వరికిని తట్టలేదు. భర్త కొంతసేపు ఊరకుండి, బరువు తగ్గుటకై రెండు వలలలో నొకటి ఇంటనే విడుతునని యొప్పుకొనెను. వల తగ్గిన పట్టు తగ్గునని అతనికి తెలియును. చెడిన చేప ధర ఆమెకు తెలియును.

మేమచట నుండగనే పనివాడు సుద్దముక్కతో అడుగున గీత గీచెను. ఆమె దానిని జానతో కొలిచి, ఇంకొక బెత్తెడు వెడల్పు చేయుమని చెప్పుచుండెను.