పిల్లలతో కంఠీరవ స్టేడియానికి

బెంగుళూరులో స్థిరపడిన మన తెలుగువారిలో క్రికెట్ పిచ్చివాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు. ఫుట్‌బాల్ పిచ్చివాళ్ళు మాత్రం అరుదు. ఆ అరుదైనవాళ్ళలో నేనొకణ్ణి. ఆఫీసులో పద్దులు రాసుకొనే గుమాస్తాకు ఈ పిచ్చి ఎక్కడ పట్టుకున్నదని పెళ్ళయిన కొత్తలో మా ఇంటావిడ అడిగేది. ఇప్పుడు అడగటం మానేసింది గాని, ఒక షరతు పెట్టింది: "వెళితే పిల్లలిద్దరినీ తీసుకొని వెళ్ళండి. లేదా ఇంట్లో కూర్చోండి." వారానికొక్క సాయంత్రమైనా ఆవిడకు విశ్రాంతి ఉండాలి గదా! ఒప్పుకున్నాను.

అట్లా 2022 చలికాలంలో ఒక సాయంత్రం, ఏడేళ్ళ పిల్లవాణ్ణి చేత పట్టుకొని, మూడేళ్ళ పిల్లను చంకనెత్తుకొని, బెంగుళూరు ఎఫ్.సి. వారి ఆట చూడటానికి బయలుదేరాను. మల్లేశ్వరం పక్కన సంపిగె రోడ్డులో మెట్రో ఎక్కి, మెజస్టిక్‌లో రైలు మారి, కబ్బన్ పార్కు దగ్గర దిగాము. అక్కడినుంచి కస్తూర్బా రోడ్డు వెంట నడక. ఒక పక్క కబ్బన్ పార్కు చెట్లు, మధ్యలో విశ్వేశ్వరయ్యగారి పేరున్న మ్యూజియం. పెద్దవాడు మ్యూజియం గేటు దగ్గర ఆగి "ఇదేనా నాన్నా?" అన్నాడు. చిన్నది చెట్లమీది గద్దలను చూసి "ఇంటికి పోదాం" అన్నది. అప్పటికి మేము స్టేడియం గడప కూడా తొక్కలేదు.

కంఠీరవ స్టేడియాన్ని గురించి ఒక మాట చెప్పాలి. 1997లో జాతీయ క్రీడలు ఇక్కడ జరిగాయి. పరుగు పందేల దారి మైదానం చుట్టూ తిరుగుతుంది. అంచేత ప్రేక్షకుడికీ బంతికీ మధ్య చాలా ఎడం. టి.వి.లో కొబ్బరికాయంత కనిపించే బంతి ఇక్కడ నిమ్మకాయంత. ఈ సంగతి పెద్దవాళ్ళకు పట్టదు. మనకు ఆటగాళ్ళ కదలికను బట్టి బంతి ఎక్కడున్నదో తెలిసిపోతుంది. మూడేళ్ళ పిల్లకు ఎట్లా తెలుస్తుంది? దాని కంటికి అక్కడ బంతే లేదు. కొందరు మనుషులు ఊరికే అటూ ఇటూ పరుగెత్తుతున్నారు, అంతే.

పైగా నేను చేసిన తెలివితక్కువ పని, పడమటి పక్క కూర్చోవటం. అక్కడ వెస్ట్ బ్లాక్ బ్లూస్ అనే అభిమానుల దండు డోళ్ళు వాయిస్తూ, తొంభై నిమిషాలూ నిలబడి పాడేది. ఒంటరిగా వచ్చే రోజుల్లో నాకు ఆ చోటంటే ప్రాణం. ఆ రోజు మొదటి డోలు దెబ్బకే చిన్నది చెవులు మూసుకొని ఏడుపు లంకించుకున్నది. నేను చూసిన ఆట పది నిమిషాలుంటుందేమో.

విరామంలో ఇంకొక ఘోరం. మరుగుదొడ్ల దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. పెద్దవాడి చొక్కా సర్దటానికి ఒక్క క్షణం వంగాను. లేచి చూసేసరికి చిన్నది లేదు. పాఠకులలో తల్లిదండ్రులైనవారికి ఆ క్షణం గురించి వర్ణించి చెప్పనక్కరలేదు. పేరు పెట్టి అరిస్తే నా గొంతు నాకే వినిపించలేదు. పది గజాల దూరంలో ఒకావిడ దాన్ని ఎత్తుకొని, "నిమ్మప్ప ఎల్లి, పుట్టీ?" అని బుజ్జగిస్తున్నది. మీ నాన్న ఎక్కడమ్మా అని ఆవిడ కన్నడంలో అడుగుతుంటే, ఇల్లు దాటి ఎరుగని మా పిల్ల "నాన్న, నాన్న" అని తెలుగులో ఏడుస్తున్నది. ఆవిడ చేతిలోంచి పిల్లను తీసుకొని, కృతజ్ఞత చెప్పటానికి కూడా నోరు పెగలక, తిన్నగా ఇంటికి వచ్చేశాను. ఆ సంగతి ఇంటావిడకు ఆ రాత్రి చెప్పలేదు. మూడోనాడు పెద్దవాడే చెప్పేశాడు.

కొన్ని నెలలు స్టేడియం ఊసెత్తలేదు. కాని 2023 జూన్‌లో దక్షిణాసియా దేశాల శాఫ్ పోటీలు మా ఊళ్ళోనే, అదే కంఠీరవలో వచ్చిపడ్డాయి. జూన్ 21న మనవాళ్ళు పాకిస్తాన్‌ను 4-0తో ఓడించారు. సునీల్ ఛెత్రీ మూడు గోల్‌లు కొట్టాడు. అది టి.వి.లో చూస్తూ పెద్దవాడు నావంక చూసిన చూపును ఇంటావిడ కూడా చూసింది. "సరే వెళ్ళండి. పిల్ల చెయ్యి మాత్రం వదలవద్దు" అన్నది.

ఈసారి బుద్ధిగా ఏర్పాట్లు చేసుకున్నాను. తూర్పు వైపు, పై వరుసల్లో చోటు చూసుకున్నాను. ఎత్తునుంచి చూస్తే మైదానం పటంలాగా పరుచుకొని కనబడుతుంది. లోపలికి తిండి, నీళ్ళ సీసాలు రానివ్వరు గనుక, కబ్బన్ పార్కు బెంచీమీదనే పెరుగన్నం పెట్టేశాను. చిన్నదాని ముంజేతిమీద నా ఫోన్ నంబరు కలంతో రాశాను. చెవుల్లో దూది. బెంగుళూరు రాత్రికి స్వెట్టరు. మరుగుదొడ్డికి విరామం కోసం ఆగలేదు, ఐదు నిమిషాలు ముందుగానే లేచాము. ఆ ఐదు నిమిషాల్లో గోల్ పడితే పడనీ.

అన్నిటికన్నా ముఖ్యం, ముందుగా వెళ్ళటం. ఆట మొదలయ్యేలోగా ఆటగాళ్ళు ఒళ్ళు కాగటానికి మైదానంలోకి వస్తారు. అప్పుడు బంతి ఒకటి కాదు, పదో పదిహేనో ఉంటాయి! చిన్నదానికి అదే అసలు ఆట. తరువాత పిల్లలు ఆటగాళ్ళ చేతులు పట్టుకొని లోపలికి నడిచి వచ్చారు. "వాళ్ళు ఎవరి పిల్లలు? వాళ్ళ నాన్నలు వాళ్ళ చెయ్యి ఎందుకు వదిలారు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆట మొదలైన తరువాత, "నువ్వు గోల్‌కీపర్ ఒక్కణ్ణే చూడు. అందరిలో ఆయన చొక్కా వేరు. ఆయన ఒక్కడే చేత్తో పట్టుకోవచ్చు" అని చెప్పాను. బంతి కనబడకపోయినా ఆ మనిషి కనబడతాడు. ఆయన కూర్చున్నా, నిలబడ్డా, చేతులు చాచినా మా పిల్ల వార్త చెప్పేది.

పెద్దవాడికి అది చాలదు. వాడికి కథలు కావాలి. ముందుగా వచ్చి ఖాళీగా కూర్చున్న గంటసేపట్లో 1948 లండన్ ఒలింపిక్స్ సంగతి చెప్పాను. స్వతంత్రం వచ్చిన మరుసటి యేడు మనవాళ్ళు ఫ్రాన్సుతో ఆడారు. చాలామంది కాళ్ళకు బూట్లు లేవు. మన ఒక్క గోల్ కొట్టినవాడు మన బెంగుళూరు ఆటగాడు సారంగపాణి రామన్. రెండు పెనాల్టీలు తప్పి, 2-1తో ఓడిపోయారు. వాడు నోరు తెరుచుకొని విన్నాడు. హైదరాబాదు రహీం సాహెబు శిక్షణలో 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకం గెలవటం కూడా చెప్పాను గాని, వాడి మనస్సు బూట్లు లేని కాళ్ళ దగ్గరే ఆగిపోయింది. బంతిని కన్నడంలో చెండు అంటారు, మన పాత తెలుగులోనూ చెండే అని చెబితే, "అయితే ఇద్దరూ ఒకే ఆట ఆడేవారన్నమాట" అన్నాడు.

జూలై 4, మంగళవారం. ఫైనల్, కువైట్‌తో. స్టేడియం ఇసుక వేస్తే రాలనంతగా నిండింది. 14వ నిమిషంలో కువైట్ గోల్ కొట్టింది. విరామానికి ముందే ఛాంగ్తే దాన్ని సమం చేశాడు. ఆ తరువాత ఎంతకూ ఎవరికీ గోల్ పడదు. ఆట అదనపు సమయంలోకి పోయింది. చిన్నదానికి గోల్‌కీపర్ మీద కూడా విసుగు పుట్టింది. ఇంటికి పోదామన్న పాట మొదలుపెట్టి, ఏడ్చి ఏడ్చి నా భుజంమీద నిద్రపోయింది. మర్నాడు బడి. పెద్దవాడు నా మోచెయ్యి పట్టుకొని, "నాన్నా, పెనాల్టీలు నాన్నా" అంటున్నాడు. పక్కవాళ్ళందరూ లేచి నిలబడి ఈలలు వేస్తున్నారు. ఇంకొక్క కేక పడితే పిల్ల ఉలిక్కిపడి లేస్తుంది, దూది ఏ మాత్రం ఆపుతుంది?

పిల్లను ఎత్తుకొని వెనక మెట్లదారిలోకి వచ్చి, గోడ చాటున నిలబడ్డాను. అక్కడినుంచి మైదానం కనబడదు. పెద్దవాణ్ణి దారి మొదట్లో, నా చెయ్యి అందేంత దూరంలో నిలబెట్టి, "నువ్వు చూసి నాకు చెప్పు" అన్నాను. వాడు చెప్పాడు. ఛెత్రీ కొట్టాడు. కువైట్ మొదటిది పైకర్రకు తగిలింది. తరువాత రెండు మనవి పడ్డాయి. ఉదంతా తప్పాడు. వాడు వెనక్కి తిరిగి, "1948లో రెండు తప్పాయి గదా నాన్నా. ఇంకొకటి తప్పుతుందా?" అన్నాడు. "వీళ్ళకు బూట్లున్నాయి గదరా" అన్నాను. ఐదేసి అయ్యేటప్పటికి నాలుగు నాలుగు. మహేశ్ ఒకటి కొట్టాడు. ఆ తరువాత వాడు ఏమీ చెప్పలేదు. నేను వాడి వీపునే చూస్తున్నాను. ఒక్కసారి ఎగిరాడు. గోడలు అదిరినట్లు అరుపు వచ్చింది. గుర్‌ప్రీత్ చివరిది పట్టి ఆపేశాడని నాకు వాడి వీపే చెప్పింది.

పిల్ల కదిలింది గాని లేవలేదు.

బయట రోడ్డునిండా జనం జెండాలు ఊపుతున్నారు. మెట్రోలో నిలబడటానికి చోటు దొరకటమే కష్టమైంది. ఒక కుర్రవాడు లేచి నాకు చోటిచ్చాడు. మెజస్టిక్‌లో రైలు మారేటప్పుడు చిన్నది కళ్ళు తెరిచి, చుట్టూ చూసి, "ఆట అయిపోయిందా?" అన్నది.

"అయిపోయిందమ్మా. మనమే గెలిచాం."

"మరి బంతి ఎవరు ఇంటికి తీసుకుపోయారు?" అని అడిగింది. పెద్దవాడు నావంక చూశాడు. నాకు తెలియదన్నాను.