ఒక గుంజ తక్కువ

ఈ సంచిక కొఱకు ఏదేని వ్రాయుమని సంపాదకవర్గమువారు కోరినప్పుడు, గణితోపాధ్యాయుడు వ్రాయదగినదేమున్నదని మొదట తప్పించుకొనజూచితిని. పిమ్మట నా తొలి సంవత్సరపు సంగతి యొకటి జ్ఞప్తికి వచ్చినది. అది నాకు గౌరవము తెచ్చునది కాదు. అయినను చెప్పెదను.

2018 జూలైలో నేనొక ఉన్నత పాఠశాలలో పదవ తరగతికి గణితము చెప్పుటకు చేరితిని. పదవ తరగతి దాటిన పిమ్మట ఇంటర్మీడియెటు రెండేండ్లు, డిగ్రీ మూడేండ్లు, ఉపాధ్యాయ శిక్షణము రెండేండ్లు, వెరసి ఏడేండ్లు. నాకును నా విద్యార్థులకును గల యంతరము అంతియే. మీసమైనను సరిగా రాలేదు. చేరిననాడు గేటువద్ద కావలివాడు "యూనిఫారమేదీ?" అని యడిగెను. నేను చెప్పిన సమాధానము నమ్మక కార్యాలయము వఱకు నా వెంట నడచివచ్చెను.

సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు 1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తత్త్వశాస్త్రము బోధింప జేరునాటికి వారికి ఇరువదియొక్క యేండ్లు నిండలేదు. ఆ సంగతి తలంచుకొని ధైర్యము తెచ్చుకొనుచుండెడివాడను. వారికిని నాకును పోలిక ఆ లేత వయస్సుతోనే సరి.

ఆ తరగతిలో కడపటి బల్లపై కూర్చుండు పిల్లవాడొకడు అందఱికంటె పెద్దవాడు. తండ్రి పోవుటచే రెండేండ్లు బడి మాని, మేనమామతో పెండ్లి పందిళ్లు వేయు పనికి పోయి, మరల చేరినవాడు. సాయంకాలము మేము వాలీబాలు ఆడునప్పుడు "అన్నా, బంతి!" అని కేకవేసెడివాడు. నాకది ఇంపుగనే యుండెను. తోటి యుపాధ్యాయులు భోజనవేళ ముచ్చటించు అప్పులు, బిడ్డల పెండ్లిండ్లు నాకు పట్టునవి కావు. ఆటస్థలమందే ప్రాణము లేచివచ్చెడిది. కాని మఱునాటి యుదయము తరగతిలో అడుగిడగనే ఆ చనువు నా వెంట లోపలికి వచ్చునేమో యని భయము. ఆ భయముచే అవసరము లేనిచోటను గొంతు హెచ్చించుచుంటిని.

శ్రావణమాసములో అంకశ్రేఢులు చెప్పుచు ఒకనాడు, ఏడుతో నిశ్శేషముగా భాగింపబడు మూడంకెల సంఖ్యలెన్ని యను లెక్క చేసితిని. మొదటిది 105, చివరిది 994. భేదము 889. దానిని ఏడుతో భాగించి, 127 అని వ్రాసి, క్రింద రెండు గీతలు గీచితిని. వెనుకనుండి మాట వినవచ్చెను: "ఒక గుంజ తగ్గిందండి."

తరగతి గొల్లుమనెను. వాడును నవ్వుచుండెను. నిన్నటి యాటలో నేను బంతి జారవిడిచినప్పుడు నవ్విన నవ్వే యది. నాకు ముఖము మండిపోయినది. "పందిళ్లు వేసుకొనువానికి లెక్కలేల? బయటికి పొమ్ము" అంటిని. వాని నవ్వు చప్పున ఆగిపోయెను. పుస్తకములు తీసికొని పోయెను.

ఆ రాత్రి నిద్ర పట్టక కాగితము తీసితిని. 7, 14, 21. చివరిదానినుండి మొదటిది తీసివేసిన 14. ఏడుతో భాగించిన 2. కాని యున్నవి మూడు సంఖ్యలు గదా! నేను లెక్కించినవి గుంజల నడుమ ఖాళీలు. గుంజలు వాని కంటె ఒకటి యెక్కువ. ఒకటి కలుపుట మఱచితిని. వాడు పరిహసింపలేదు, తనకు తెలిసిన భాషలో తప్పు చూపినాడు.

మఱునాడు వాడు రాలేదు. ఆ వారమంతయు రాలేదు. శనివారము సాయంకాలము వాని యిల్లు వెదకుకొని పోయితిని. తల్లి వాకిట బియ్యము చెరుగుచుండెను. నన్ను చూచి, "మావాడితో చదువుతున్నావా నాయనా? కూర్చో" అనెను. నేనెవ్వడనో చెప్పగనే చేట దించి, దిగ్గున లేచి, పైట సవరించుకొని, "మీరా బాబూ! వాడేం తప్పు చేశాడు? కావాలంటే నాలుగు తగిలించండి. బడి మాత్రం మాన్పించకండి. వచ్చే వారం వాడి మామయ్య పనికి బెజవాడ తీసుకుపోతానంటున్నాడు" అనెను. ఆ "మీరు" అను మాట కంటె ముందటి "నాయనా" యే నాకు తగియుండెననిపించెను.

రెండు వీథుల అవతల ఒక పెండ్లివారి యింట వాడు పందిరిపై కూర్చుండి తాటాకులు కట్టుచుండెను. నన్ను చూచియు దిగలేదు. క్రిందనుండియే, "సంఖ్యలు 128. తప్పు నాది. నేనన్న మాట అంతకంటె పెద్ద తప్పు" అంటిని.

వాడు త్రాడు ముడి బిగించి, "లెక్క సంగతి నాకు అప్పుడే తెలుసండి. ఈ మాట తరగతిలో చెపుతారా?" అని యడిగెను.

వెంటనే జవాబీయలేకపోతిని. నలువదిమంది ముఖములు కన్నులయెదుట నిలిచినవి. "సోమవారము వచ్చి వినుము" అంటిని.

వచ్చెను. వాని బల్లవైపు చూడకయే చెప్పవలసినది చెప్పితిని; గొంతు వణకెను. పిమ్మట సుద్దముక్కలు వాని చేతికిచ్చితిని. వాడు ఎనిమిది ముక్కలు నా బల్లపై వరుసగా నిలువబెట్టి, నడుమనున్న ఏడు ఖాళీలు వ్రేలితో చూపెను. ముందు బల్లపై పిల్ల యొకతె, "మరి గుండ్రంగా పాతితేనో?" అని యడిగెను. గుండ్రముగా పాతినచో గుంజలును ఖాళీలును సమానమే. ఆ ప్రశ్నతో గంట గడచిపోయినది. నేను నిర్ణయించుకొన్న పాఠము సాగనేలేదు.

ఆ సాయంకాలము ఆటస్థలములో ఎవ్వరో "మాస్టారూ, బంతి!" అని కేకవేసిరి. "అన్నా" యను పిలుపునకు అలవాటుపడిన నేను, అది వాని గొంతనియు, పిలిచినది నన్నే యనియు గ్రహించులోపల బంతి గోడ దాటిపోయెను.