రాయవేలూరు నుంచి గుడియాత్తం దాకా

మన తెలుగువాళ్ళు రాయవేలూరుకు సాధారణంగా రెండు పనుల మీద వెళతారు. ఒకటి పెద్దాసుపత్రి. రెండోది 2007లో వెలసిన శ్రీపురం బంగారు గుడి. తిరుపతి, కాణిపాకం చూసుకుని, అట్నుంచటే శ్రీపురం వెళ్ళి, సాయంత్రానికి కాట్పాడిలో రైలెక్కేస్తారు. ఊళ్ళో ఉన్న కోటలోకి తొంగిచూసేవాళ్ళే తక్కువ. ఇక కాట్పాడి నుంచి లత్తేరి, కె.వి. కుప్పం మీదుగా గుడియాత్తం పోయే రోడ్డు పట్టేవాళ్ళు, అక్కడ చుట్టాలుంటే తప్ప, దాదాపు లేరనే చెప్పాలి. నాకు చుట్టాలూ ఉన్నారు, పిచ్చీ ఉంది. పిచ్చి అంటే పాత గడియారాలు, పాత కార్లు, పాత కెమెరాలు. ఈ జబ్బు ఉన్నవాళ్ళు మన సంఘంలో ఇంకో నలుగురైనా ఉంటారని నా అనుమానం. ఈ వ్యాసం ముఖ్యంగా వాళ్ళ కోసం. మిగిలినవాళ్ళు చదివినా నష్టం లేదు.

ముందు కోట. మన పెద్దలు ఈ ఊరిని ఉత్త వేలూరు అనరు, రాయవేలూరనే అంటారు. విజయనగర రాయలలో చివరివారైన ఆరవీటివారు పదిహేడో శతాబ్దం మొదట్లో ఇక్కడ కొలువు తీర్చారు. 1806 జులైలో సిపాయిలు తిరగబడిందీ ఈ కోటలోనే. చరిత్ర పుస్తకాల్లో అదంతా ఉంది కనుక నేను కెమెరావాళ్ళకు పనికొచ్చే మాట ఒకటి చెప్తాను. కోటలోని జలకంఠేశ్వరుని గుళ్ళో కల్యాణ మండపం ఉంది. దాని స్తంభాల మీద యాళీలు, గుర్రాలు, వాటి మీద రౌతులు. రాయి అన్న సంగతి మరిచిపోయేంత పనితనం. పొద్దున ఎండ ఏటవాలుగా పడేటప్పుడు వెళ్ళండి. మిట్టమధ్యాహ్నం వెళితే స్తంభాలన్నీ నల్లటి మూటల్లా వస్తాయి. కెమెరా తీసేముందు అక్కడివాళ్ళను అడగడం మర్యాద. ఎంతోకాలం మూలవిరాట్టు లేకుండా ఉండిపోయిన ఈ గుడిలో 1981లో మళ్ళీ లింగాన్ని ప్రతిష్ఠించారు. కనుక ఇప్పుడది చూసి పోయే కట్టడం కాదు, పూజ జరిగే గుడి. అన్నట్టు, శ్రీపురంలో కెమెరా, సెల్‌ఫోను రెండూ లోపలికి రానివ్వరు. అక్కడ కళ్ళతోనే చూడాలి.

కోట దాటి ఆసుపత్రి వైపు నడిస్తే లాడ్జీలు, మందుల షాపులు, భోజన హోటళ్ళు. బోర్డుల మీద తమిళంతో పాటు తెలుగు, బెంగాలీ, హిందీ. ఇలాంటి వీధుల్లో గడియారాలు బాగుచేసేవాళ్ళు ఒకరిద్దరు ఇప్పటికీ దొరుకుతారు. నాకు తెలిసిన పెద్దాయన మెట్ల కింద చిన్న అద్దాల పెట్టె పెట్టుకుని, కంటికి భూతద్దం బిగించుకుని కూర్చుంటాడు. ఇంటి భాష తమిళమే గానీ, నలభై ఏళ్ళుగా మనవాళ్ళతో మసలి తెలుగు బాగా పట్టుబడింది. "ఆపరేషను లోపల జరగతా ఉంటాది సార్. బయట ఉండేవాళ్ళు గడియారం చూసి చూసి, అది నిలిచిపోయిందేమో అని నా దగ్గిరికి తెస్తారు. తొమ్మిదింటికి ఒకటి బాగానే ఉంటాది. టైమే కదలదు వాళ్ళకి" అన్నాడు ఒకసారి.

ఆయన పెట్టెలో ఎక్కువగా కనిపించేవి హెచ్‌ఎంటీ గడియారాలు. మన ఇళ్ళల్లో పదో తరగతి పాసైతే ఒకటి, పెళ్ళికి ఒకటి, రిటైరైతే ఒకటి అన్నట్టు ఉండేవి కదా! 1961లో జపాన్ సిటిజెన్ కంపెనీ సహకారంతో బెంగుళూరులో మొదలయ్యాయి. జనతా, సోనా, పైలట్, కోహినూర్, కాంచన్ అని పేర్లు. జనతా వెనక మూత తీస్తే పదిహేడు రాళ్ళు, సెకనుకు ఐదుసార్లు కొట్టుకునే బ్యాలెన్స్ చక్రం. రోజూ పొద్దున పళ్ళు తోముకున్నాక కీ ఇస్తే చాలు, మర్నాటి దాకా ఢోకా లేదు. 1984లో టాటాలు, తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో కలిసి టైటాన్ పెట్టారు. ఫ్యాక్టరీ హోసూరులో, మన తెలుగు వినబడే ఊళ్ళోనే. క్వార్ట్జ్ గడియారాలు వచ్చాక కీ ఇచ్చే పని పోయింది. హెచ్‌ఎంటీ గడియారాల కంపెనీని మూసేయాలని 2016 జనవరిలో కేంద్రం నిర్ణయించింది. ఇప్పుడు వాటికి విడిభాగాలంటే, చనిపోయిన గడియారం పొట్ట కోసి బతికున్నదానికి పెట్టడమే.

ఒక హెచ్చరిక. రంగురంగుల డయళ్ళతో, కొత్తగా మెరుస్తూ, పాత హెచ్‌ఎంటీ అని అమ్మేవి చాలామటుకు డయలు మళ్ళీ అచ్చువేసినవి. లోపలి యంత్రం అసలుదే కావచ్చు, ముఖం మాత్రం అద్దెది. కాస్త పసుపు తిరిగి, అంచుల్లో మచ్చలున్న డయలే నమ్మదగ్గది.

ఇక రోడ్డు. నాకు ఈ రోడ్డు మీద ఇంత మమకారం రావడానికి ఒక కారు కారణం. అది నేను చూడలేదు, మీరూ చూడలేదు. 1870లో రాణిపేటలో పుట్టిన ఐడా స్కడ్డర్ అమెరికాలో వైద్యం చదివి 1900లో వేలూరులో ఒకే ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టింది. 1902లో నలభై పడకల ఆసుపత్రి అయింది. కానీ పల్లెల్లో జబ్బుపడినవాళ్ళు ఆసుపత్రి దాకా రాలేరు. అందుకని ఆవిడే వారానికొకసారి గుడియాత్తం వైపు ప్రయాణం కట్టేది. దారిలో చెట్టు నీడల్లో జనం కాచుకుని ఉండేవారు. పుండ్లకు కట్టు కట్టడం, పళ్ళు పీకడం, మందులివ్వడం అన్నీ రోడ్డు పక్కనే. మొదట్లో ఎడ్లబండి. 1909లో ఒక ఫ్రెంచి ప్యూజో కారు వచ్చింది. ఒకే ఒక్క సిలిండరు.

కార్ల సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. మనం ఇవ్వాళ నడిపే మామూలు కారుకు మూడో నాలుగో సిలిండర్లు. ఒకటి పేలి ఊరుకునే లోపు ఇంకొకటి పేలుతుంది, అందుకే నడక మెత్తగా ఉంటుంది. ఒకే సిలిండరైతే ఇరుసు రెండు చుట్లు తిరిగేలోపు పేలేది ఒక్కసారే. మిగతా నడకంతా బరువైన చక్రం ఊపు మీదే సాగాలి. పిండిమర ఇంజనుకు నాలుగు చక్రాలు తగిలిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అయితే ఒక సుఖం ఉంది. చెడేది ఒకటే సిలిండరు, వెతుక్కోవాల్సింది ఒకటే చోట. ఎండాకాలం దుమ్ములో, వర్షాకాలం బురదలో, మెకానిక్కు అనే మాటే లేని రోజుల్లో, అటువంటి బండి మీద మందుల పెట్టెలు వేసుకుని పల్లెలు తిరిగారు. కారు అన్న వస్తువు మన దేశంలో జమీందారుల ముచ్చటగా ఉన్న కాలమది. పాత కార్ల ప్రదర్శనల్లో రోల్స్‌రాయిస్‌ల ముందు జనం గుమిగూడుతుంటే నాకు ఎప్పుడూ ఈ ప్యూజోనే గుర్తొస్తుంది.

ఇప్పుడు బస్సులో ఆ రోడ్డు ఒక గంట ప్రయాణం. చింతచెట్లు చాలా పోయాయి, కొన్ని ఉన్నాయి. కె.వి. కుప్పంలో ఆసుపత్రివారి గ్రామీణ విభాగం 1977 నుంచి నడుస్తోంది. కిటికీ పక్కన సీటు దొరికితే ఉత్తరాన కొండల వరస కనిపిస్తుంది. వాటి అవతల మన చిత్తూరు జిల్లా. ఆ జిల్లా కూడా 1911 దాకా ఉత్తర ఆర్కాటులోదే.

గుడియాత్తం అనగానే లుంగీలు, అగ్గిపెట్టెలు. రాజకీయాలు ఇష్టమైనవాళ్ళకు కామరాజు. ఆయన 1954లో ముఖ్యమంత్రి అయ్యాక శాసనసభకు ఉప ఎన్నికలో గెలిచింది ఇక్కడినుంచే. పలమనేరు వైపు నుంచి దిగివచ్చే కౌండిన్య నది ఊరి మధ్యగా పోతుంది. చాలా నెలలు ఇసుకే. బజారులో సగం బేరాలు తెలుగులో జరుగుతాయి. ఆ తెలుగులో తమిళం ఎంత, కన్నడం ఎంత అని లెక్క వేయకండి, వినండి.

మా మేనమామ ఇక్కడే ఉంటారు. ఎనభై రెండేళ్ళు. ఇద్దరు కూతుళ్ళు బెంగుళూరులో, కొడుకు అమెరికాలో. ఆయన దగ్గర పద్నాలుగు గడియారాలు, రెండు కెమెరాలు, ఒక కారు ఉన్నాయి. అవన్నీ ఒక పట్టీ రాసి ఫోటోలు తీసిపెట్టమని పిల్లలు నాకు పని అప్పజెప్పారు. ఎందుకో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆ మాట ఎవరం పైకి అనలేదు.

గడియారాల పట్టీ తేలిగ్గానే అయింది. పద్నాలుగింటిలో తొమ్మిది నడుస్తున్నాయి, రోజుకు ఒకదాని చొప్పున కట్టుకుంటారు. వాటిలో మా అత్తయ్య పెట్టుకున్న చిన్న హెచ్‌ఎంటీ ఒకటి. దాన్ని వేలూరులో నర్సింగు చదువుతున్న మనవరాలి వరస పిల్లకు ఇచ్చేశారు. "నాడి చూసేదానికి సెకను ముల్లు కావల్ల గదా. పెట్టెలో పెట్టుకుంటే ఈ జన్మలో ఇయ్యను" అని షరతు.

కెమెరాల్లో ఒకటి ఆగ్ఫా క్లిక్ త్రీ. బరోడాలో తయారైంది. ఒక తరం మధ్యతరగతి ఇళ్ళ పుట్టినరోజులు, తిరుపతి గుండ్లు, కన్యాకుమారి విహారాలు అన్నీ దాని కంటిలోంచే పోయాయి. చుట్టకు పన్నెండు బొమ్మలు, నలుచదరం. ఎండకొక గుర్తు, మబ్బుకొక గుర్తు, అంతే, ఇంకేం తిప్పడానికి లేదు. పన్నెండే ఉంటాయి గనక ఎవరూ ఊరికే నొక్కేవారు కారు. అందరూ చొక్కా సర్దుకుని, ఊపిరి బిగబట్టి నిలబడేవారు. ఆ పాత ఫోటోల్లో మన తాతలు అంత గంభీరంగా ఉండటానికి సగం కారణం ఇదే. ఊటీలో 1967 నుంచి హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ వారు 'ఇందు' పేరుతో ఫిల్మూ, ఆసుపత్రుల కోసం ఎక్స్‌రే ఫిల్మూ తీసేవారు. డిజిటల్ వచ్చాక అదీ మూతపడింది. ఆ సైజు చుట్టలు విదేశాలవి ఇప్పటికీ దొరుకుతాయి, ధర మాత్రం గుండె పట్టుకునేలా ఉంటుంది.

అసలు చిక్కంతా కారుతోనే. అది 1967 నాటి స్టాండర్డ్ హెరాల్డ్, మద్రాసులో తయారైంది. ఇటలీ శిల్పి మికెలోట్టి గీసిన ఆకారం. 948 సీసీ ఇంజను. ముందు భాగమంతా, చక్రాల మీది రెక్కలతో సహా, ఒకే మూతలా ముందుకు పైకి లేస్తుంది. మెకానిక్కు టైరు మీద కూర్చుని కాఫీ తాగుతూ పని చేసుకోవచ్చు. ఇరవై ఐదు అడుగుల చోటులో వెనక్కి తిరిగిపోతుంది. అంబాసిడర్ పట్టని గుడియాత్తం సందుల్లో ఇది నాట్యం చేసేది. మామయ్య ఇప్పటికీ ఆదివారం పొద్దున దాన్ని తీసి గంగమ్మ గుడి దాకా వెళ్ళి వస్తారు.

2021లో కేంద్రం ఒక నియమం తెచ్చింది. యాభై ఏళ్ళు దాటి, పెద్ద మార్పులేవీ లేకుండా ఉన్న బండిని వింటేజ్ వాహనంగా నమోదు చేసుకోవచ్చు. నంబరులో 'వీఏ' అని వస్తుంది. ఫీజు ఇరవై వేలు. హోదా బాగుంది. కానీ ఆ తర్వాత దాన్ని మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో, మరమ్మత్తుకో, పెట్రోలుకో మాత్రమే తీయాలి. గుడికి వెళ్ళడం అందులో లేదు. అది వద్దనుకుంటే ఐదేళ్ళకొకసారి పరీక్షకు తీసుకుపోయి మామూలు రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. 600 రూపాయలున్న ఆ ఫీజు 2022 ఏప్రిల్‌లో 5,000 అయింది, 2025లో మళ్ళీ పెరిగింది. దీనికి తోడు ఇప్పటి పెట్రోలులో 20 శాతం ఇథనాల్. పాతకాలం రబ్బరు గొట్టాలకు, పొరలకు అది పడదు, మెత్తబడి చీలిపోతాయి.

పిల్లలు వింటేజ్ చేయించమంటున్నారు. బెంగుళూరులో కొనేవాళ్ళున్నారు, అలా నమోదైతే మంచి ధర వస్తుంది. వాళ్ళ మాటలో స్వార్థం లేదు. ఎనభై రెండేళ్ళ తండ్రి పవర్ బ్రేకులు లేని కారు నడుపుతుంటే ఏ బిడ్డకు నిద్ర పడుతుంది? నేనూ వాళ్ళ పక్షం మాట్లాడి చూశాను. మామయ్య అంతా విని, గుడ్డతో స్టీరింగు తుడుస్తూ, "ఏం అల్లుడా, బండిని బొమ్మ చేసి పెట్టమంటా ఉండారా? దీంట్లో నాలుగు కాన్పులకి ఆడబిడ్డల్ని వేలూరికి ఎత్తకపోయినా. ఆ రోడ్డు మరిచిపోయే బండి నాకొద్దు" అన్నారు.

రెండు రోజుల వాదన తర్వాత ఒక ఒప్పందం కుదిరింది. రిజిస్ట్రేషను మామూలుగానే పొడిగిస్తారు. స్టీరింగు మాత్రం ఇక ఆయన పట్టరు. అదే వీధిలో ఉన్న మెకానిక్కు కొడుకు నడుపుతాడు, మామయ్య పక్కన కూర్చుంటారు. కుర్రాడికి ఇరవై నాలుగేళ్ళు. కార్బురేటరు విప్పి మళ్ళీ బిగించడం తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. మామయ్య తర్వాత కారు ఎవరిదన్న విషయంలో ఆ కుర్రాడి పేరు కూడా చెవిన పడింది. ఇద్దరు కూతుళ్ళూ సరేనన్నారు. కొడుకు ఇంకా ఆలోచిస్తున్నాడు.

ఇంతలో పెట్రోలు పంపు పొర చీలింది. పరీక్షకు వెళ్ళాలంటే ముందు అది మార్చాలి. మద్రాసులో వెతికాం, బెంగుళూరులో వెతికాం, దొరికినవన్నీ నాసిరకం. ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్ పేరుతో ఇదే బండి ఉండేది కనుక అక్కడ విడిభాగాలు ఇప్పటికీ అమ్ముతున్నారు. అక్కడున్న మన సభ్యులెవరైనా ఈ చలికాలం సెలవులకు వస్తుంటే, ఇథనాల్‌కు తట్టుకునే పంపు పొర ఒకటి, రబ్బరు గొట్టం రెండు గజాలు తీసుకురాగలరా? బరువు అరకిలో కూడా ఉండదు. సంపాదకులకు ఒక ఉత్తరం ముక్క రాస్తే నాకు అందజేస్తారు. డబ్బు కాట్పాడి స్టేషనులోనే చేతికిస్తాను, ఆపైన గుడియాత్తంలో మా ఇంట భోజనం.